అక్వేరియం నిండా నత్తలు, మైలుతుత్తం వేయమంటారా?

ప్రశ్న: మాది కావలి. మా బాబు కోసం కిందటేడు రెండడుగుల అక్వేరియం కొన్నాం. గప్పీలు, మోలీలు కలిపి పాతిక దాకా ఉన్నాయి, షాపతను అంటగట్టిన సక్కర్ ఫిష్ కూడా ఒకటుంది. వేసవి సెలవుల్లో నెల్లూరు వెళ్ళినప్పుడు నాలుగు మొక్కలు తెచ్చి పెట్టాం. ఆ తర్వాత ఎక్కడి నుంచి వచ్చాయో చిన్న చిన్న నత్తలు కనిపించాయి, ఇప్పుడు లెక్కలేనన్ని అయిపోయాయి. పగలు గాజు మీద ఉలవగింజంత గుండ్రటి నత్తలు. రాత్రి లైటు వేసి చూస్తే రాళ్ళలోంచి మేకులా సన్నగా ఉండే ఇంకో రకం పైకొస్తున్నాయి. మొన్న ఒక మోలీ చనిపోతే దాని నిండా నత్తలే. అవే చంపేశాయా? మేత బాబు స్కూలుకు వెళ్ళేముందు వేస్తాడు, అత్తయ్య పూజయ్యాక వేస్తారు, రాత్రి మావారు వేస్తారు. మా మరిది రొయ్యల చెరువులు చేస్తుంటాడు, 'చిటికెడు మైలుతుత్తం వేయి వదినా, తెల్లారేసరికి ఒక్కటి మిగలదు' అంటున్నాడు. సక్కర్ నత్తల్ని తింటుందని షాపతను చెప్పాడు కానీ అది వాటి జోలికే పోవడం లేదు. మొత్తం తీసేసి కడిగి మళ్ళీ పెట్టమని అత్తయ్య అంటున్నారు. ఏం చేయమంటారు? బాబు రోజూ అందులో చెయ్యి పెడుతుంటాడు, వాడికేమన్నా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు ఆ మైలుతుత్తం పొట్లం ఇంట్లో ఉంటే తీసి పైన పెట్టేయండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఈ రోజే.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. మైలుతుత్తం నత్తల్ని చంపుతుంది, చెరువుల్లో నాచుకీ నత్తలకీ వాడతారు, ఆయన కళ్ళతో చూసే చెప్పి ఉంటారు. కానీ చెరువులో ఎకరాల నీళ్ళుంటాయి, అక్కడ మందు వేసేముందు నీటి ఆల్కలినిటీ, అంటే క్షారగుణం, ఎంతుందో ల్యాబులో చూపించి, దాన్నిబట్టి డోసు కడతారు. మీ ట్యాంకు లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే నిండా పోసినా 56 లీటర్లు, రాళ్ళూ పైన వదిలిన ఖాళీ పోను 50 లీటర్ల లోపే. ఆ నీటికి ఒక పీపీఎం డోసు, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము లెక్కన, 50 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో ఇరవయ్యో వంతు. అది వంటింటి చెంచాతో కొలిచేదీ కాదు, రెండు వేళ్ళతో తీసేదీ కాదు. చిటికెడు అని మనం తీసేది తక్కువలో తక్కువ దానికి అయిదారు రెట్లుంటుంది. పొద్దున్నకి నత్తలు పోతాయి, వాటితోపాటు గప్పీలూ పోతాయి.

ఒకవేళ చేపలు ఆ రాత్రికి బతికి బయటపడ్డా గండం గడిచినట్టు కాదు. వందల నత్తలు ఒక్క రాత్రిలో చచ్చి రాళ్ళ సందుల్లో కుళ్ళడం మొదలుపెడితే రెండు రోజుల్లో నీళ్ళలో అమ్మోనియా పెరిగిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి, మీరేమో మందు వల్ల అనుకుంటారు, అసలు కారణం కింద కుళ్ళే నత్తలు. పైగా మైలుతుత్తంలో ఉండే రాగి ఊరికే పోదు. మీ బోరు నీళ్ళు గట్టి నీళ్ళయితే కొంత రాళ్ళలోకి దిగి అక్కడే ఉండిపోతుంది, తర్వాతెప్పుడైనా మీ బాబు ముచ్చటపడి ట్యాంకులో చిన్న రొయ్యలు పెడదామంటే అవి నిలవవు. షాపుల్లో స్నెయిల్ కిల్లర్ అని చిన్న సీసాల్లో అమ్మేవాటిలో కూడా చాలావాటిలో ఉండేది రాగే, కొనేముందు లేబుల్ చదవండి. ఇంకో మాట, చెరువుల దగ్గర టీ సీడ్ కేక్ కూడా దొరుకుతుంది కదా, ఎవరైనా అది వేయమంటే అసలు వద్దు. అది రొయ్యల్ని వదిలేసి చేపల్ని చంపడానికే వేసే మందు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది.

ఇక మోలీ సంగతి. నత్తలు దాన్ని చంపలేదు. ఈ రెండు రకాల నత్తలకీ ఈదే చేపను పట్టుకునే శక్తీ లేదు, ఆ పనికొచ్చే నోరూ లేదు. నాచు, కుళ్ళిన ఆకు, మిగిలిపోయిన మేత, చచ్చిన ప్రాణి, ఇవీ వాటి తిండి. చేప ముందు చచ్చింది, వాసనకి నత్తలు తర్వాత వచ్చాయి. నిజానికి అవి రాకపోతే ఆ చేప కుళ్ళి నీళ్ళు ఇంకా పాడయ్యేవి. మరి మోలీ ఎందుకు చచ్చిందంటే, 50 లీటర్లలో పాతిక చేపలు, ఒక సక్కర్, రోజుకి మూడుసార్లు మేత అని మీరే రాశారు, నాకు అక్కడే అనుమానం. చేప ఎందుకు పోయిందో, నత్తలు ఎందుకు పెరిగాయో, రెండిటికీ కారణం ఒకటే అనిపిస్తోంది.

మేత ఎక్కువైపోయింది.

నత్తలు ఎన్ని ఉండాలన్నది వాటికి దొరికే తిండిని బట్టే ఉంటుంది. చేపలు తినగా మిగిలి రాళ్ళ సందుల్లోకి దిగిన మేత ఎంతుంటే అన్ని నత్తలు బతుకుతాయి, గుడ్లు పెడతాయి. మీరు ఈ రోజు వంద ఏరి పారేసినా మేత అలాగే పడుతుంటే మిగిలినవాటికి వాటా పెరుగుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వందా తయారు. అందుకే చంపడం గురించి ఆలోచించినంతకాలం ఇది తెగదు.

మీ మరిదినే అడగండి, చెరువులో చెక్ ట్రే ఎందుకు పెడతారో. మేత వేశాక ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూసి తర్వాతి పూట మేత తగ్గించడమో పెంచడమో చేస్తారు, ఎందుకంటే మిగిలిన మేత అడుగుకి పోయి చెరువు చెడగొడుతుందని వాళ్ళకి డబ్బు పెట్టి తెలుసు. అదే పని మీ ట్యాంకులో చేయండి. ఒక చిన్న గాజు గిన్నెగానీ, తెల్లటి సీసా మూతగానీ రాళ్ళ మీద ఒక మూల పెట్టి, మేత సరిగ్గా దాని పైనే పడేలా వేయండి. రెండు నిమిషాలాగి చూడండి. గిన్నెలో మేత కనిపిస్తే మీరు వేసింది ఎక్కువ, రేపు సగం వేయండి. తెల్ల మూతయితే పలుకు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. గప్పీ కడుపు దాని కంటికంటే పెద్దగా ఉండదు, పాతిక చేపలకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి తీసిన సన్నటి చిటికెడు చాలు, అదీ రోజుకి ఒక్కసారి. వారంలో ఒకరోజు అసలు వేయొద్దు. పెద్ద చేపలకి ఒక్క రోజు పస్తు ఏమీ కాదు, అవి నాచు గీక్కుని తింటాయి. పుట్టిన పిల్లలుంటే మాత్రం వాటికి కొంచెం కొంచెం ఎక్కువసార్లు కావాలి, వాటిని వేరే టబ్బులో పెట్టి అక్కడ వేసుకోండి, వాటి పేరు చెప్పి పెద్ద ట్యాంకులో వేయొద్దు.

ఇంట్లో ముగ్గురు మేత వేయడం అనేది నేను చూసిన చాలా ఇళ్ళలో ఉన్నదే, మీ ఒక్కరి ఇంట్లోనే కాదు. చేపలు మనిషి కనపడగానే గాజు దగ్గరికొచ్చి ఎగబడతాయి, పాపం ఆకలేస్తోందేమో అనిపిస్తుంది, ఎవరికైనా వేయబుద్ధేస్తుంది. అవి కడుపు నిండినా అలాగే వస్తాయి. పూజయ్యాక చేపలకింత వేయడం అత్తయ్యగారికి తృప్తి, ఆవిడని మానేయమనడం నాకు సరికాదనిపిస్తోంది. ఆ ఒక్కపూట మేత ఆవిడ చేతే వేయించండి. వారానికి సరిపడా మేతను ఆరు చిన్న పొట్లాలు కట్టి ట్యాంకు పక్కన డబ్బాలో పెట్టి, పెద్ద డబ్బా బీరువాలో పెట్టేయండి. పొట్లం ఖాళీగా ఉంటే ఈ రోజు వేసేశారని అందరికీ తెలుస్తుంది, మాటా మాటా రాదు. బాబుకి మేత బదులు ఇంకో పని ఇవ్వండి, పొద్దున్నే చేపలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టడం. చచ్చిన చేపను ఆ పూటే తీసేస్తే నీళ్ళు చెడవు, కాబట్టి అది ఉత్తుత్తి పని కాదు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న నత్తలేవో చూద్దాం, ఎందుకంటే రెండు రకాలకీ పట్టే పద్ధతి వేరు.

ఉలవగింజంత గుండ్రటివి చాలామటుకు బ్లాడర్ నత్తలు. ఒకదాన్ని తీసి గుల్ల మొన పైకి, గుల్ల నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ ఎడమచేతి వైపుకి తెరుచుకుని ఉంటే అదే. పగలు అవి ఒక్కోసారి నీళ్ళ పైపొర కింద తలకిందులుగా పాకుతూ పోతాయి, పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ దిగుతాయి. ప్రతి నత్తా ఆడా మగా రెండూ, జత లేకపోయినా గుడ్లు పెట్టగలదు. అందుకే మొక్కతో ఒక్కటి వచ్చినా చాలు. ఆకు వెనకా, గాజు మూలల్లో, ఫిల్టర్ పైపు మీద గంజి చుక్కలా తెల్లగా మెరిసే జిగురు ముద్దలు కనిపిస్తాయి చూడండి, అందులో సూదిమొనంత చుక్కలుంటాయి, అవే గుడ్లు. మన దగ్గర ఎండాకాలంలో నీళ్ళు వెచ్చగా ఉంటాయి కాబట్టి వారం పది రోజుల్లో పొదుగుతాయి. మీరు వేసవిలో మొక్కలు తెచ్చారు, నత్తలు నెలల్లోనే ఇన్ని అవడంలో వింతేమీ లేదు.

మేకులా సన్నగా ఉన్నవి ట్రంపెట్ నత్తలు. ఇవి ఎక్కడో విదేశాలవి కాదు, మన దేశపు కాలువల్లోనూ చెరువుల్లోనూ ఉండేవే. వీటికి గుండ్రటి మూత ఉంటుంది, ముట్టుకుంటే లోపలికి లాక్కుని తలుపేసుకుంటాయి. గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి, దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు అక్కర్లేదు. పగలంతా రాళ్ళలో దూరి ఉంటాయి. ఇవి రాళ్ళను కదిలిస్తూ తిరగడం వల్ల అడుగున గాలాడని మురికి పేరుకోకుండా ఉంటుంది, మొక్కల వేళ్ళకి మంచిదే. ఇంకో ఉపయోగం ఉంది, నేను దీన్ని చాలా నమ్ముతాను. ఇవి మొప్పలతో ఊపిరి పీలుస్తాయి కాబట్టి పగటిపూట గుంపుగా గాజు మీదికి ఎక్కి నీళ్ళ అంచుదాకా వచ్చాయంటే కింద ఆక్సిజన్ తగ్గిందనో, అడుగు చెడిందనో అర్థం. అలా కనపడిన రోజు నత్తల్ని తిట్టుకోకుండా వెంటనే మూడోవంతు నీళ్ళు మార్చి, ఎయిర్ పంపు తిరుగుతోందో లేదో చూడండి. రోహిణి కార్తె ఎండల్లో కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ఇది మరీ అవసరం, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

పట్టే పద్ధతికి వద్దాం. బ్లాడర్ నత్తలకి కూరగాయ ఎర బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేలెడంత బీరకాయ ముక్కో కీరా ముక్కో చెక్కు తీసి, వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి మెత్తబడ్డాక, మునిగేలా ఒక స్టీలు స్పూనుకి గుచ్చి రాత్రి లైటు ఆర్పేముందు ట్యాంకులో దించండి. మందులు కొట్టిన కూరగాయ ఉంటుంది కాబట్టి ముందు బాగా కడిగి చెక్కు తీయడం మర్చిపోవద్దు. తెల్లవారుజామున లైటు వేయకుండా మెల్లగా పైకి తీస్తే ముక్క కనపడనంతగా నత్తలు పట్టి ఉంటాయి. స్పూను ఒక్కసారి ఊపితే సగం జారి పడిపోతాయి, కాబట్టి కింద వల పట్టుకుని తీయండి. ముక్క పొద్దున్నే తీసేయాలి, మధ్యాహ్నందాకా వదిలేస్తే కుళ్ళి అది కూడా నత్తలకి మేతే. ఇలా రోజు విడిచి రోజు ఓ మూడు వారాలు చేయండి. గాజు మీది గుడ్ల ముద్దల్ని పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, తేలినవాటిని వలతో ఎత్తేయండి.

ట్రంపెట్ నత్తలు కూడా రాత్రి ఎర దగ్గరికొస్తాయి, కానీ వాటికి అసలు మందు రాళ్ళు శుభ్రం చేయడమే. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పల్చటి గొట్టం హార్డ్‌వేర్ షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది, రెండు మీటర్లు తెచ్చుకోండి. ఒక కొన రాళ్ళలో గుచ్చి, రెండో కొన కింద బకెట్టులో పెడితే మురికి, మిగిలిన మేత, చిన్న నత్తలు నీళ్ళతోపాటు దిగుతాయి. గొట్టాన్ని నోటితో పీల్చొద్దు. ముందు గొట్టం మొత్తం నీళ్ళతో నింపి, రెండు కొనలూ వేళ్ళతో మూసి, ఒకటి ట్యాంకులో ముంచి రెండోది కింద వదిలితే దానంతటదే పారుతుంది. ఒక్కసారికి ట్యాంకులో సగం అడుగే శుభ్రం చేయండి, మిగతా సగం వచ్చేవారం. వారానికి పావువంతు నీళ్ళు మారిస్తే చాలు. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా బకెట్టులో ఒకరోజంతా నిలవ ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పోయండి.

మొత్తం కడిగేద్దామన్న అత్తయ్యగారి మాట మీద కూడా నా అభిప్రాయం చెప్పాలి. వద్దు. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద మంచి బ్యాక్టీరియా ఉంటుంది, చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను అదే విరుస్తుంది. అన్నీ తీసి కుళాయి నీళ్ళతో తోమేస్తే అదీ పోతుంది, మళ్ళీ కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది, ఆ లోపు చేపలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అంత కష్టపడ్డా ట్రంపెట్ నత్తలు మూత వేసుకుని తడిరాళ్ళలో రోజుల తరబడి బతికే ఉంటాయి, ఒక్క ఆకు మీద ఒక్క గుడ్ల ముద్ద మిగిలినా కథ మళ్ళీ మొదటికొస్తుంది. స్పాంజి కడగాల్సి వచ్చినా ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండండి.

నత్తల్ని తినే చేపలు తెచ్చుకోమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. క్లౌన్ లోచ్ నిజంగానే తింటుంది, కానీ అది అడుగు దాకా పెరుగుతుంది, గుంపుగా ఉండాలి, మీ ట్యాంకు దానికి జైలు. కేరళ నదుల్లో దొరికే పీ పఫర్ వేలి కణుపంత ఉంటుంది, నత్తలంటే ప్రాణం పెడుతుంది, కానీ గప్పీల తోకలు కొరికేస్తుంది, పైగా నదుల్లోంచి అదేపనిగా పట్టి అమ్మడం వల్ల ముప్పులో ఉన్న చేప. అసాసిన్ అని ఒక నత్త ఉంది, పసుపూ నలుపూ చారలతో, అది మిగతా నత్తల్ని తింటుంది, చేపల జోలికి రాదు. అక్వేరియం చేపల షాపులుండే చెన్నై కొళత్తూరు వైపు వెళ్ళేవాళ్ళుంటే అడిగి చూడొచ్చు. నాలుగైదు వదిలితే నెలల మీద పని చేస్తాయి. కానీ మేత తగ్గించకుండా అవి తెచ్చినా అవి తినే వేగంకంటే ఇవి పుట్టే వేగమే ఎక్కువుంటుంది. నేనైతే ముందు రెండు నెలలు పైన చెప్పినవి చేసి, అప్పటికీ ఎక్కువనిపిస్తేనే దాని గురించి ఆలోచిస్తాను.

మొక్కలు ఈసారి తెచ్చినప్పుడు నేరుగా ట్యాంకులో పెట్టొద్దు. ఇంట్లో పటిక ఉంటుంది కదా, నాలుగు లీటర్ల నీళ్ళలో ఒక టేబుల్ స్పూను పటిక పొడి కరిగించి అందులో మొక్కల్ని రెండు మూడు రోజులు ఉంచండి, తర్వాత బాగా కడిగి, ఇంకో బకెట్టులో మంచినీళ్ళలో మూడు వారాలు వెలుతురు తగిలేలా ఉంచండి. పటికకి నత్తలు చస్తాయి కానీ గుడ్లు కొన్ని తప్పించుకుంటాయి, ఆ మూడు వారాల్లో పొదిగి బకెట్టు గోడల మీద కనిపిస్తాయి, అప్పుడు ఏరేయొచ్చు. ఆకు తిప్పి వెనకవైపు చూడటం అన్నిటికంటే ముఖ్యం.

బాబు గురించి భయపడొద్దు. ట్యాంకులోనే పుట్టి పెరిగిన ఈ నత్తల వల్ల వాడికి ఏమీ కాదు. చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవాలి, చేతికి పుండో గీతో ఉన్న రోజు పెట్టకూడదు, ఆ నీళ్ళు నోట్లోకి పోకూడదు. అంతే. నేను గట్టిగా చెప్పేది మాత్రం ఒకటుంది. ఆడుకుంటూ పొలం కాలువల నుంచీ చెరువు గట్టు నుంచీ నత్తల్ని పట్టుకొచ్చి ఇందులో వేయనివ్వకండి. గేదెలు దిగే నీళ్ళలో చక్రంలా చుట్టుకుని నల్లగా ఉండే ఒక రకం నత్త ఉంటుంది, పశువులకి వచ్చే కొన్ని పురుగుల జబ్బులు దాని ద్వారానే నీళ్ళలోకి వస్తాయి. ఆ నీళ్ళలో దిగిన మనుషులకి ఒళ్ళంతా దురద పుట్టేది కూడా దానివల్లే.

ఏరిన నత్తల్ని ఏం చేయాలని సందేహం వస్తుంది. మందు వేయని ట్యాంకువైతే చితక్కొట్టి కోళ్ళకి వేయొచ్చు, లేదంటే పూలకుండీ మట్టిలో పూడ్చండి. కాలువలోనో చెరువులోనో పారేయకండి, ట్యాంకు మొక్కల్ని కూడా. సక్కర్ ఫిష్‌నైతే అసలే వద్దు. అది నత్తల్ని తినదని మీరు సరిగ్గానే గమనించారు. అది దక్షిణ అమెరికా చేప, అడుగున్నర దాకా పెరుగుతుంది, రోజంతా తిని రోజంతా విసర్జిస్తుంది, మీ ట్యాంకు అంత త్వరగా మురికవడానికి దాని వాటా పెద్దదే. ఇలా ఇళ్ళలో పెంచలేక జనం వదిలేసినవే ఇప్పుడు మన రాష్ట్రంలో చెరువుల్లో పెరిగి, దెయ్యం చేప అని జాలర్లు తలపట్టుకుంటున్నారు, వలలు చింపేస్తోంది, మిగతా చేపల మేతా గుడ్లూ తినేస్తోంది. కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేయండి, డబ్బులివ్వకపోయినా సరే. పెద్ద ట్యాంకు ఉన్న తెలిసినవాళ్ళుంటే వాళ్ళకిచ్చినా మంచిదే. గప్పీ పిల్లల్ని కూడా అడిగినవాళ్ళకి ఇస్తూ పెద్ద చేపల్ని పదిహేను లోపు ఉంచుకోండి.

మొదటి రెండు వారాలు తేడా తెలియకపోవచ్చు, కంగారుపడి మళ్ళీ మందు వైపు చూడొద్దు. మేత తగ్గాక ముందు గుడ్ల ముద్దలు తగ్గుతాయి, తర్వాత రాళ్ళ మీద ఖాళీ గుల్లలు కనిపిస్తాయి, నెలన్నరకి గాజు మీద వెతికితే కనపడేటన్ని మిగులుతాయి. ఆ కాసిన్నీ ఉండనివ్వండి, నాచు తింటూ పడుంటాయి.

ఒకవేళ ఇది మీ చేతికొచ్చేసరికే మైలుతుత్తం వేసేసి ఉంటే ఆగొద్దు. చేపల్ని ముందు వేరే టబ్బులోకి మార్చండి, క్లోరిన్ లేని నీళ్ళు, అదే వెచ్చదనం ఉన్నవి, ఎయిర్ పంపు అందులో పెట్టండి. ట్యాంకు నీళ్ళు సగానికి పైగా తీసి మార్చండి, చచ్చిన నత్తల్ని గొట్టంతో లాగేయండి, మర్నాడూ ఆ మర్నాడూ మళ్ళీ సగం సగం మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పొట్లం పెడితే మిగిలిన రాగిని కొంత పీలుస్తుంది. ఓ వారం అయ్యాక ముందు రెండు గప్పీల్ని వదిలి, అవి రెండు రోజులు హుషారుగా తిరిగితేనే మిగతావాటిని వదలండి.